మిషిన్‌కు జీరో టికెట్

వాషింగ్ మిషిన్‌కు టికెట్ కొట్టమని అడిగిన మనిషి నా కండక్టరు సర్వీసు మొత్తంలో ఒక్కడే. ఆయన పోయిన సంగతి కూడా నాకు బస్సులోనే తెలిసింది. గద్వాల బస్టాండులో ఎక్కిన ఒకావిడ, చేతిలో టికెట్ పెడుతుంటే, "మిషిన్లాయన పోయిండంట మేడం, ఎరుకేనా" అంది. ఎరుక లేదు. మధ్యాహ్నం అన్నం తిని షెడ్డులో మంచం మీద ఒరిగినవాడు మళ్లీ లేవలేదట. వెనక నుంచి "మేడం, వనపర్తి ఒకటి" అని అరుస్తూనే ఉన్నారు. ఆ రోజు ఇద్దరికి తప్పుడు స్టేజీలు కొట్టి, వాళ్లతో తిట్లు తిని, తిరిగి ఒక్క మాట అనకుండా ఊరుకున్నాను. నాకు నోరెక్కువని మా డిపోలో పేరు. నేను ఊరుకున్నానంటే ఏదో అయిందని డ్రైవర్ ఖాజాకు అర్థమైపోయింది.

నాకూ ఆయనకూ రెండేళ్ల పరిచయం. అది పోట్లాటతో మొదలైంది.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన కొత్తలో సంగతి. వనపర్తి బస్టాండు, మిట్టమధ్యాహ్నం. బస్సు నిండా ఆడవాళ్లు, పిల్లలు, సంచులు. అందరి ఆధార్ కార్డులు చూసి జీరో టికెట్లు కొట్టీ కొట్టీ నా బొటనవేలు పడిపోయింది. అప్పుడు వెనక తలుపు దగ్గర ఒకటే గోల. చూస్తే ఇద్దరు హమాలీలు ఒక పాత వాషింగ్ మిషిన్‌ను లోపలికి తోస్తున్నారు. దాని వెనక సన్నగా, పొడుగ్గా ఒక మనిషి. తెల్ల చొక్కా, జేబులో పెన్నులుండే చోట రెండు స్క్రూడ్రైవర్లు, భుజం మీద తువ్వాల. హమాలీలకు చెబుతున్నాడు, "జర మెల్లగ. నడుము పట్టుకోండి, మెడ పట్టకండి."

నేను జనాన్ని తోసుకుంటూ వెళ్లాను. "ఏందన్నా ఇది? ఇది బస్సనుకున్నవా, ట్రాలీ అనుకున్నవా?"

"పేషెంటు చెల్లె. గద్వాలకు తీస్కపోతున్న, దవాఖానకు."

"ఏ పేషెంటయితే నాకేంది. లగేజీ టికెట్ కొట్టాలె."

"లగేజీ ఎట్లయితది? ఆడమనిషి గద. ఆడోళ్లకు ఫ్రీ అంటిరి. జీరో టికెట్ కొట్టు."

బస్సంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "కొడత. ఆధార్ కార్డు చూపియ్యమను ఆమెను."

ఆయన ఏ మాత్రం తొణకలేదు. మిషిన్ వెనక్కి వంగి, అక్కడ మేకులతో బిగించి ఉన్న చిన్న రేకును తువ్వాలతో తుడిచాడు. కంపెనీ వాళ్లు కొట్టిన రేకు అది. దాని మీద ఏవో అంకెలు, అక్షరాలు. "ఇగో, చూస్కో. పుట్టిన ఊరుంది, నెంబరుంది. ఫోటో ఒక్కటే లేదు."

ఈసారి ఖాజా కూడా స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. లగేజీ టికెట్ కొట్టి ఆయన చేతిలో పెట్టాను. దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, "ఇయ్యాల కాకపోతే ఇంకోనాడు ఇస్తవు లే చెల్లె, నాకు తొందరేం లేదు" అన్నాడు. మిషిన్ మీద చేయి వేసి గద్వాల దాకా నిలబడే వచ్చాడు. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

అట్లా మొదలైంది. నెలకు రెండుసార్లో మూడుసార్లో ఏదో ఒక మిషిన్‌తో ఎక్కేవాడు. ఒకసారి ఉత్త మోటారు ఒళ్లో పెట్టుకుని, ఒకసారి డ్రయ్యర్ తొట్టి నెత్తిన పెట్టుకుని. ఎక్కగానే "జీరో టికెట్ చెల్లె" అనేవాడు. "ఆధార్" అనేదాన్ని నేను. తువ్వాలతో రేకు తుడిచి చూపించేవాడు. లగేజీ టికెట్ కొట్టేదాన్ని. చివరికి రోజూ ఎక్కే ఆడవాళ్లు కూడా మా ఇద్దరి మాటలూ నేర్చేసుకున్నారు. ఆయన ఎక్కగానే వాళ్లే ముందు "ఆధార్, ఆధార్" అని కేకలు పెట్టేవాళ్లు.

ఆయనకు చెవే కళ్లు. స్క్రూడ్రైవర్ మొనను మిషిన్‌కు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. లోపల ఏం జరుగుతోందో అట్లా వినేవాడు. ఒకనాడు ఏమీ తోచక మా బస్సు బానెట్‌కే స్క్రూడ్రైవర్ ఆనించాడు. కాసేపు విని, "ఖాజా భాయ్, ఎడమ దిక్కు ఒక బేరింగు ఏడుస్తుంది. జర చూపియ్యి" అన్నాడు. ఖాజా కాగితం మీద రాసి డిపోలో ఇచ్చాడు. విప్పి చూసి ఆ బేరింగే మార్చారు. ఆనాటి నుంచి ఖాజా ఆయన్ను డాక్టర్ సాబ్ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆయనకు ఆ పిలుపు ఎంత ఇష్టమో, విననట్టు నటించడంలోనే తెలిసిపోయేది.

ఆయన ఇంటికి నేను వెళ్లింది మా ఇంట్లో డ్రయ్యర్ ఆగిపోయినప్పుడు. గద్వాలలో కోటగోడ దిక్కు ఒక సందులో చిన్న ఇల్లు, దాని వెనక రేకుల షెడ్డు. షెడ్డులోకి అడుగుపెట్టి ఆగిపోయాను. ముప్పై దాకా ఉన్నాయి మిషిన్లు. తొట్టి ఒకటే ఉన్నవి, పక్కన డ్రయ్యర్ ఉన్నవి, ఉత్త డ్రయ్యర్లు. మా పెళ్లి నాటివి, అంతకు ముందువి. కొన్ని కొత్తగా రంగు వేసుకుని మెరుస్తున్నాయి, కొన్ని పేగులు బయటపెట్టి పడుకున్నాయి. ప్రతిదాని మీదా సుద్దముక్కతో ఒక మాట రాసి ఉంది. 'గట్టు, పల్లీలు కడిగిండ్రు.' 'వనపర్తి, కటింగ్ షాపు తువ్వాళ్లు.' 'నాగర్‌కర్నూల్, హోటలు, ఉల్లిగడ్డ.'

"పల్లీలేంది అన్నా?" అన్నాను.

"వానల పీకిన పల్లికాయ. అంత బురద. కడిగే ఓపిక లేక ఆ రైతు మిషిన్ల పోసి తిప్పిండు. కాయ మంచిగనే కడిగింది పాపం. తర్వాత ఈమె దమ్మిడిసింది. లోపలికెల్లి రెండు తట్టల మట్టి తీసిన."

ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ మిషిన్ విప్పినా లోపల దొరికినదాన్నంతా, ఎంత పనికిరానిదైనా సరే, పేపర్లో పొట్లం కట్టి మిషిన్‌తో పాటు సొంతదారుకు ఇచ్చేవాడు. "మీ మిషిన్ల దొరికినయి" అని రెండు చేతులతో అందించేవాడు. గట్టు ఊరి రైతుకు కిలో పల్లికాయ పొట్లం కట్టి ఇచ్చి వచ్చాడట. నా పొట్లంలో రెండు తల పిన్నులు, ఒక బడి చొక్కా గుండీ, ఒక వేపపుల్ల వచ్చాయి. వేపపుల్ల మాది కాదన్నాను. "మీ మిషిన్ల ఉన్నది మీదే. నాకెందుకు ఎవలదో వేపపుల్ల" అని పొట్లం నా సంచిలో వేశాడు.

రెండో పద్ధతి చాయ్. బాగు చేసిన మిషిన్‌ను తిప్పి, దాని నెత్తిన అంచుదాకా చాయ్ పోసిన గ్లాసు పెట్టేవాడు. ఒక్క చుక్క ఒలికినా మళ్లీ విప్పేవాడు. ఒలకకపోతే ఆ చాయ్ తనే తాగి, మిషిన్ తీసుకుపొమ్మనేవాడు. ఆ చాయ్ తెచ్చేది ఆయన భార్య. పొట్టి మనిషి, ముక్కుసూటి మాట. నా డ్రయ్యర్‌కు ఆమె మూడుసార్లు చాయ్ తేవాల్సి వచ్చింది.

మూడోసారి గ్లాసు ఇచ్చి వదినె అక్కడే గడప మీద కూర్చుంది. ఆమె పక్కన, గోడవారగా, ఒక పాత ఇనప పెట్టె. దానికి తాళం లేదు, తాడుతో కట్టి ఉంది. నేను దాన్ని చూడటం గమనించి ఆమే మొదలుపెట్టింది.

"అది నా పెండ్లి పెట్టె అమ్మా. తాళంచెవి మా అత్త దాసిపెట్టింది. నా సామాన్లు చూడాలని. అడిగితే నాకేం ఎరుక అన్నది. రాయితోని పలగ్గొట్టుకున్న తాళాన్ని. సచ్చేదాక ఒప్పుకోలే ఆమె."

"మా అమ్మ తియ్యలే" అన్నాడు ఆయన ఒక మిషిన్‌లోకి దూరి, అక్కడి నుంచే.

"నువ్వు మాట్లాడకు. నువ్వు మిషిన్‌నే అమ్ముకుంటివి." ఆమె నా వైపు తిరిగింది. "ఎరుకేనా నీకు ఆ ముచ్చట?"

నాకు తెలియదు. చెప్పింది.

పెళ్లయిన కొత్తలో ఆయన కూలి పనికి బొంబాయి పోయాడు. అక్కడ పాత మిషిన్లు బాగు చేసే దుకాణంలో చేరి పని నేర్చుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అందరూ ట్రాన్సిస్టర్లూ గడియారాలూ తెస్తే, ఈయన ఒక వాషింగ్ మిషిన్ తెచ్చాడు. పిస్తా రంగుది. రైలు దిగి, బస్సెక్కి, చివరి నాలుగు మైళ్లు ఎడ్ల బండిలో గట్టు పక్కన వాళ్ల ఊరికి. ఊరంతా చూడటానికి వచ్చారట.

"ఊర్ల నల్లా లేదు. కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వదు. బాయి కాడికెల్లి పది బిందెలు మోసి దాంట్ల పోసేకంటే, బాయి కాడనే ఉతుక్కునుడు నయం గద. నేను దాంట్ల జొన్నలు పోసిన. ఎలుక దూరదు, మూతుంది. జొన్నలకు మంచిగుండె అమ్మా ఆ మిషిన్."

మూడేళ్లు అందులో జొన్నలే ఉన్నాయి. తర్వాత ఆమె కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఆ నెలల్లో బోరు మోటారు కాలిపోయింది, చేను ఎండుతోంది. ఆయన జొన్నలు నేల మీద కుమ్మరించి, మిషిన్‌ను నాగర్‌కర్నూల్ దిక్కు ఎవరికో అమ్మేశాడు. ఆమె పిల్లను ఎత్తుకుని వచ్చి చూస్తే మూల ఖాళీగా ఉంది.

"తిట్టినవా వదినె?"

"తిట్టలే. నన్నొక్క మాట అడగకపోతివి అన్న. గంతే."

మిషిన్‌లోంచి ఆయన బయటికి వచ్చాడు. ముఖం నిండా మసి. "గా ఒక్క మాటనే చెల్లె నన్ను తిప్పుతున్నది. తిట్టివుంటే మర్చిపోతుంటి. ముప్పయ్యేండ్లు దాటింది. దేవులాడుతనే ఉన్న."

అమ్మేసిన ఆ మిషిన్ కోసమే ఆయన వెతుకులాట. అప్పుడర్థమైంది నాకు ఆ షెడ్డు. ఎక్కడ పాత మిషిన్ ఉందని తెలిసినా వెళ్లేవాడు. పిస్తా రంగుదేనా అని చూసేవాడు, మూత ఎత్తి లోపలి వైపు చూసేవాడు. బొంబాయిలో ఉన్నప్పుడు ఆ మూత లోపల మేకుతో భార్య పేరు గీశాడట. ఆ పేరు ఎక్కడా కనిపించలేదు.

"అది కాదని తెల్సినంక వాపస్ రావాలె గద, ఇవన్నెందుకు మోసుకొచ్చుడు?" అన్నాను.

"రాబుద్ధి కాదు చెల్లె. వానల తడుస్తుంటది. ఎవలో ఒకాయన ఇంట్లామె కోసం కొన్నదే గద అది గూడ."

వదినె లేచి ఖాళీ గ్లాసు తీసుకుంది. "గుండెకు ఆపరేషన్ అయింది ఈయనకు. బరువులెత్తొద్దన్నరు డాక్టర్లు. చెప్పు నువ్వన్న."

"అది దొరికినంక ఇగ ఎత్తను" అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు గానీ, గుండె మీద చేయి పెట్టుకుని అన్నాడు. తన టైము అయిపోయేలోపు ఆ మిషిన్‌ను ఆమె ముందు పెట్టాలని ఆయన పంతం. దాచిపెట్టేదేమీ లేదు, అందరికీ చెప్పేవాడు.

ఆ రోజు నుంచి నాకూ అదే పిచ్చి పట్టింది. నా బస్సు ఎక్కిన ప్రతి ఊరివాళ్లనూ అడిగాను. టికెట్ చేతిలో పెట్టి, చిల్లర ఇచ్చి, "మీ ఊర్ల పిస్తా రంగు పాత వాషింగ్ మిషిన్ ఎవలింట్లన్న ఉన్నదా" అనేదాన్ని. జనం ముందు నాకు మతి పోయిందనుకున్నారు, తర్వాత వాళ్లే కబుర్లు మోసుకురావడం మొదలుపెట్టారు. బిజినేపల్లి దిక్కు ఒకాయన ఇంట్లో ఉందంటే వెళ్లాడు, అది పాత ఫ్రిజ్. ఇంకో ఊళ్లో ఖచ్చితంగా పచ్చదే అంటే వెళ్లాడు, అది పిండిగిర్ని. అక్కడ కూడా ఖాళీగా రాలేదు, గిర్ని బాగు చేసి, ఒక సంచి జొన్నపిండి తెచ్చుకున్నాడు.

బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి బస్సు రాగానే అందరూ ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంటారు. ఆయనా పెట్టుకునేవాడు, చేతిలో ఏ పానా ఉంటే దానితోనే. "స్వామీ, దేవులాడే పని నీకు ఎరుకే గద. జర నాకు గూడ చూపియ్యి" అనేవాడు, పక్కవాళ్లకు వినపడేలా. ఖాజా అప్పుడు బండి కొంచెం నెమ్మది చేసేవాడు.

చివరికి దారి చూపించినవాడు పెబ్బేరులో దాణా అమ్మే ఒక వ్యాపారి. సంతనాడు పశువులకు వచ్చేవాళ్లంతా అతని కొట్టు ముందే ఆగుతారు. ఒక సంచి పత్తిచెక్కతో బస్సెక్కాడు. అలవాటుగా అడిగాను.

"పచ్చదా? మా దుకాణంల ఒకటున్నది మేడం. మా మామ నాగర్‌కర్నూల్ నుంచి తెచ్చిండు ఎన్నడో. దాంట్ల పత్తిచెక్క నానబెడతం. బర్రెలు దాంట్లయితేనే తింటయి."

"మూతున్నదా?"

"మూతేడిది. ఎప్పుడో పోయింది."

మూత లేదంటే పేరు లేదు. అయినా ఫోన్ చేసి చెప్పాను. వచ్చే సంతనాడు నాకు వీక్లీ ఆఫ్. నేనూ వెళ్లాను, చూడకుండా ఉండలేక.

సంతలో ఎడ్ల మధ్య నుంచి, పేడ తొక్కకుండా దారి చూసుకుంటూ, ఆ కొట్టు దాకా వెళ్లాం. కొట్టు పక్కన నీడలో ఉంది. తొట్టి నిండా నానిన పత్తిచెక్క, అంచు మీద ఒక దూడ మూతి. రేకు మీద ఏళ్ల తరబడి దాణా ఎండి పొరలు కట్టింది, రంగేదో తెలియడం లేదు. ఆయన దగ్గరికి వెళ్లలేదు. నా పక్కనే నిలబడిపోయాడు.

"పోయి చూడరాదు అన్నా?"

"ఇది గూడ కాకపోతే?"

రెండేళ్లలో ఆయన నోటి నుంచి ఆ మాట నేను మొదటిసారి విన్నాను. ఎన్నిసార్లు ఉత్త చేతులతో వచ్చినా నవ్వుతూ బస్సెక్కిన మనిషి. నాకు భయమేసింది. "కాకపోతే ఇంకోటి. షెడ్డుల జాగ ఉన్నది గద" అని మోచేత్తో పొడిచాను.

వ్యాపారి దాణా ఖాళీ చేసి, పైపుతో నీళ్లు కొట్టాడు. ఒక పక్క నుంచి పిస్తా రంగు బయటపడింది. కానీ ఆ రోజుల్లో ఆ రంగు మిషిన్లు చాలానే వచ్చాయని ఆయనే నాకు చెప్పి ఉన్నాడు. గోనె సంచుల మీద బోర్లా పడుకోబెట్టాం. అడుగు రేకుకు నాలుగు స్క్రూలు, తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి, ఒక్కొక్కదాన్నీ బుజ్జగించినట్టు తిప్పాడు. మూడు వచ్చాయి. నాలుగోదాని దగ్గర ఆయన ఆగిపోతే స్క్రూడ్రైవర్ నేను తీసుకుని తిప్పాను. రేకు ఊడింది.

తొట్టికీ బయటి రేకుకూ మధ్య ఒక సందు ఉంటుంది. పైనుంచి ఏది జారినా అందులోనే పడి, అక్కడే ఉండిపోతుంది. ఆ సందులోంచి ముందు పొట్టు రాలింది. తర్వాత ఎండి పుల్లలైన వేపాకు ఈనెలు. జొన్నల్లో పురుగు పట్టకుండా మా దిక్కు వేపాకు వేస్తారు. తర్వాత జొన్నలు, పుచ్చి, బోలుగా, ఒక దోసెడు.

"జొన్నలెట్లొచ్చినయి? నేను దీంట్ల జొన్నలెన్నడు పొయ్యలే" అన్నాడు వ్యాపారి.

మిషిన్‌ను ఆయన కొంచెం వంచి, రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. ఇంకో నాలుగు గింజలు రాలాయి. వాటితో పాటు టక్కుమని ఒక తాళంచెవి పడింది. వేలెడంత ఇత్తడిది, పచ్చగా చిలుము పట్టి.

ఆయన ఆ పేడ నేల మీదే కూలబడ్డాడు. తాళంచెవి అరచేతిలో పెట్టుకుని, "మా అమ్మ తియ్యలే చెల్లె, నేను చెప్పలేదా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. వ్యాపారి ఏమీ అర్థం కాక ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. మిషిన్‌కు బదులు దాణా నానబెట్టుకోవడానికి రెండు పెద్ద డ్రమ్ములు ఇస్తామంటే, బర్రెలు ఒప్పుకుంటాయో లేదో అని కాసేపు ఆలోచించి, సరేనన్నాడు.

అదృష్టం కొద్దీ వచ్చింది ఖాజా బండే. ఆ రోజు డ్యూటీలో ఉన్న కండక్టరు దగ్గర లగేజీ టికెట్ నేనే తీసుకున్నాను. వెనక సీటు పక్కన మిషిన్‌ను నిలబెట్టి, దాని మీద చేయి వేసి ఆయన నిలబడ్డాడు. జీరో టికెట్ అడగలేదు. అడిగే స్థితిలో లేడు. నాకు మనసాగలేదు. సంచిలోంచి ఒక తెల్ల కాగితం చించి, పెన్నుతో రాశాను. 'పెబ్బేరు నుంచి గద్వాల. ఆడమనిషి ఒక్కరు. జీరో టికెట్.' కింద సంతకం పెట్టి, నా బ్యాడ్జి నెంబరు కూడా వేసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, తన ఆధార్ కార్డు పక్కన పెట్టుకున్నాడు. "ఇస్తవని నాకెరుకే" అన్నాడు. బీచుపల్లి వచ్చినప్పుడు ఖాజా బండి నెమ్మది చేసి, తనే ముందు హారన్ కొట్టాడు.

ఇంటి ముందు దించాం. వదినె గడపలోకి వచ్చి నిలబడింది. ఆయన మిషిన్ చూపించలేదు. పేపరు పొట్లం రెండు చేతులతో ఆమెకు అందించి, "మీ మిషిన్ల దొరికినయి" అన్నాడు.

ఆమె విప్పింది. జొన్నలు చూసింది. తాళంచెవి తీసి, కొంగుతో తుడిచి, వెలుతురులో పెట్టి చూసింది. మిషిన్లో జొన్నలు పోసేటప్పుడు మొలకు కట్టుకున్న చెవి జారి ఉంటుంది, ఆమెకు ఇప్పుడు అర్థమవుతోంది.

"మీ అమ్మ మీద పెట్టిన గద దీన్ని" అంది చివరికి.

ముప్పై ఏళ్లుగా మోసిన ఆ ఒక్క మాటను తిప్పికొట్టే వీలు ఆయనకు దొరికింది, కొట్టలేదు.

"నేను గూడ ఆమెను ఒక్క మాట సక్కగ అడగలే" అంది వదినె. గడప మీద కూర్చుని, ఆ పుచ్చిన జొన్నలు ఒళ్లో పోసుకుని, ముందు ఏడ్చి, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఆయన, వాళ్లిద్దరినీ చూసి నేను. తాళం ఎప్పుడో పోయిన ఆ చెవిని ఆమె మళ్లీ మొలకు కట్టుకుంది.

దాన్ని బాగు చేయడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది. వనపర్తిలో రేకు పని చేసే అతనితో కొత్త మూత చేయించి, లోపల మేకుతో మళ్లీ పేరు గీశాడు. మొదటి ఉతుకుడు నన్ను కూడా పిలిచి చేశారు. గద్వాల చీర వేస్తుందనుకున్నాను. వదినె ఆయన మసి చొక్కాలు మూడు తెచ్చి పడేసింది. చాయ్ గ్లాసు పెడితే ఒలికింది. విప్పి మళ్లీ బిగించాడు, మళ్లీ ఒలికింది. మూడోసారి విప్పబోతుంటే వదినె గ్లాసు తీసుకెళ్లి, సగం వంపి తెచ్చి పెట్టింది. ఒలకలేదు.

"ఇగ చాలు. నేను పాస్ చేసిన" అంది. ఆయన పరీక్షలో ఫెయిలైనా ఇంట్లో ఉండనిచ్చిన మిషిన్ అదొక్కటే.

ఆయన పోయిన మూడు వారాలకు గానీ నాకు ఆ గడప తొక్కే ధైర్యం రాలేదు. ఏడుపు మొహాలు చూడాల్సి వస్తుందని భయపడుతూ వెళ్లాను. వెళ్లేసరికి షెడ్డులో మిషిన్ తిరుగుతోంది. దాని నెత్తిన సగం గ్లాసు చాయ్. పాత ఇనప సామాను కొనేవాడొకడు తరాజుతో వస్తే, వదినె తరిమేసిందట. ఇప్పుడు ఊళ్ల నుంచి ఎవరు అడిగినా మిషిన్లు ఊరికే ఇచ్చేస్తోంది. ఒక్కటే అడుగుతుంది, "మీ ఇంట్ల నల్లా ఉన్నదా" అని. లేదంటే ఇవ్వదు.

"ఆయన చొక్కాలు ఎవలకన్న ఇద్దామని ఉతుకుతున్న అమ్మా. అన్నిటికి అదే మసి" అంది. తర్వాత లోపలికి వెళ్లి ఒక పేపరు పొట్లం తెచ్చింది. రెండు చేతులతో నాకు అందించింది. "మిషిన్ల దొరికింది. నీదే."

విప్పాను. ప్లాస్టిక్ కవరు. జేబు చూసుకోకుండా చొక్కా వేసిందట. ఆయన ఆధార్ కార్డు వదినె తీసి దాచుకుంది. కవరు లోపల నేను రాసిన కాగితం, అంచు ఒక్కటి తడిసి, మిగతాదంతా అట్లాగే ఉంది. పెబ్బేరు నుంచి గద్వాల. ఆడమనిషి ఒక్కరు. ఏడవకూడదని బస్సులో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అయినా ఏడ్చాను.

"ఇది నాది కాదు వదినె. టికెట్ కొట్టినంక కండక్టరుది కాదు, ప్యాసింజరుది." మిషిన్ ఆపి, చాయ్ గ్లాసు పక్కన పెట్టి, మూత ఎత్తి, ఆమె పేరు పక్కన ఆ కాగితాన్ని కవరుతో సహా దోపబోయాను.

ఆమె నా చేయి పట్టుకుంది. "ఆగు. గట్లెట్ల ఇస్తవు? అడగవా?"

మా బస్సు మాటలన్నీ ఆయన ఇంట్లో చెప్పేవాడని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత గొంతు సవరించుకుని, బస్సులో అడిగినట్టే అడిగాను. "ఆధార్."

వదినె మిషిన్ వెనక్కి వంగి, కొంగుతో ఆ రేకు తుడిచింది. "ఇగో, చూస్కో. పుట్టిన ఊరుంది, నెంబరుంది. ఫోటో ఒక్కటే లేదు."

వంగి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. టికెట్ ఇచ్చేశాను.